వాకిట్లోకి విసిరిన మొదటి గింజ

నలభై ఏళ్ళు దగ్గరపడేదాకా నాకు అక్షరం రాదు. వచ్చిన తరువాత మొట్టమొదట సాంతం చదివిన అచ్చు కాగితంలో నా తప్పే కనిపించింది. చదువుకుంటే కళ్ళు తెరుచుకుంటాయని అందరూ అంటారు. నాకు తెరుచుకున్నాయి గానీ, ఆ పూట మళ్ళీ మూసుకుంటే బాగుండుననిపించింది.

మాది నందికొట్కూరు వైపు సేద్యం చేసుకునే ఇల్లు. భర్త పోయాక చేను మరుదుల చేతికి పోయింది. నేను కర్నూలు వచ్చి ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరాను. అప్పుడు కర్నూలు రాజధాని. ఆఫీసులు గుడారాల్లో ఉండేవి. గాలి లేస్తే గుమాస్తాలు కాగితాల వెంట పరుగెత్తేవాళ్ళు. ఆ ఆసుపత్రిలో కింది జిల్లాల నుంచి, అంటే కోస్తా నుంచి, వచ్చిన డాక్టరు ఒకాయన ఉండేవాడు. తక్కువ మాటల మనిషి. అందరూ జ్వరాలు చూసి ఇంటికి పోతే ఆయన మాత్రం నారికురుపు మీద పరిశోధన అని ఊళ్ళ వెంట తిరిగేవాడు.

ఇప్పటివాళ్ళకు నారికురుపు తెలియదు, వాళ్ళ అదృష్టం. ఎండాకాలంలో పాదం మీదో పిక్క మీదో బొబ్బ లేస్తుంది. పగిలితే తెల్లదారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు బెత్తెడు చొప్పున లాగాలి. తెగిందా, కాలు దిమ్మెలా వాచిపోతుంది. మా సీమలో చాలా ఊళ్ళకు దిగుడుబావులే దిక్కు. మెట్లు దిగి, కాళ్ళు నీళ్ళలో పెట్టి కడవ ముంచుకుంటాము. పుండు ఉన్నవాళ్ళూ దిగుతారు, లేనివాళ్ళూ దిగుతారు, అందరమూ ఆ నీళ్ళే తాగుతాము. ఈ ఏడు తాగితే వచ్చే ఏడు పురుగు లేస్తుంది.

మగవాళ్ళు తమ కాళ్ళు డాక్టరుకు చూపేవాళ్ళు, ఎవరు ఏ ఇంటివాళ్ళో ఆయన రాసుకునేవాడు కాదు. ఇండ్లలోని ఆడవాళ్ళనూ పిల్లలనూ చూడాలంటే లోపలికి పోయే ఆడమనిషి కావాలి. అందుకు నన్ను తీసుకుపోయాడు. నాకు రాత రాదు గనుక ఆయనే ఒక ఉపాయం చేశాడు. ఇంటికొక చిన్న గుడ్డసంచి. సంచి మీద ఇంటి నంబరు రాసి, వరుసగా తాడుకు గుచ్చి ఇచ్చేవాడు. మగవాళ్ళతో సహా ఆ ఇంట్లో ఎంతమందికి పురుగు ఉంటే అన్ని చింతగింజలు అందులో వేసి మూతి బిగించాలి. పొద్దుగూకేలోపల ఆయన సంచులు విప్పి పుస్తకంలో ఎక్కించుకునేవాడు.

లెక్క నాకు కొత్త కాదు. మా కళ్ళంలో జొన్నలు కొలిచింది నేనూ మా అత్తే. మొదటి పడిని మేము ఒకటి అనము. లాభం అంటాము. లాభం, రెండు, మూడు, అట్లా పోతుంది. అది గింజల లెక్క. చెడ్డదాన్ని లెక్కపెట్టేటప్పుడు మా ఇంట్లో ఇంకో పద్ధతి. పశువులకు గాళ్ళు, అదే గాలికుంటు రోగం, వచ్చి చచ్చిన ఏడు మా అత్త చచ్చినవాటిని గింజలతో లెక్కపెట్టింది. మొదటిదాన్ని లాభం అనలేము గదా. దాని గింజను సంచిలో వేయలేదు. వాకిట్లోకి విసిరింది. "రోగానికి మొదటి విత్తు మన చేత్తో వేయగూడదు మే," అనింది. రెండోదాని నుంచి సంచిలో వేసింది. మాలో అందరికీ తెలుసు, సంచిలో ఉన్నదానికి ఒకటి కలుపుకోవాలని.

నారికురుపును కూడా నేను అట్లాగే లెక్కపెట్టాను. ఇంట్లో ముగ్గురికి ఉంటే మొదటి గింజ గడప దాటించి విసిరి, రెండు సంచిలో వేశాను. ఇద్దరికి ఉంటే ఒకటి వేశాను. ఒక్కరికే ఉంటే సంచి వట్టిదే. ఈ సంగతి డాక్టరుకు చెప్పలేదు. దాచిపెట్టి కాదు. అన్నం తినేటప్పుడు నోరు తెరవాలని ఎవరైనా ఎవరికైనా చెబుతారా? ఆయనా అడగలేదు.

బేతంచెర్ల అవతల నాపరాళ్ళ గనుల మధ్య ఒక చిన్న పల్లె ఉంది. మా చెల్లెలిని అక్కడ ఇచ్చాము. జీపు పోయే దారి లేదని డాక్టరు గనుల దగ్గరే ఆగిపోయాడు. నేనొక్కదాన్నే నడిచిపోయి సంచులు నింపాను. నింపానని ఇప్పుడు అనలేను. ఆ పల్లెలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక్కరికే ఉంది, ఇద్దరికి ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. మా చెల్లెలి ఇంట్లో మా చెల్లెలికే. ఆమె పాదం నుంచి పురుగును పుల్లకు చుట్టింది నేను. ఆమె గడపలోంచి గింజను విసిరిందీ నేనే.

మరుసటి ఏడు డాక్టరు రాసిన వ్యాసం ఇంగ్లండు పత్రికలో అచ్చయింది. ఆసుపత్రిలో మిఠాయి పంచారు. అప్పటినుంచి ఆయన ఇంటికి పైదేశాల కార్డులు రావడం మొదలైంది. మీ వ్యాసం అచ్చుప్రతి ఒకటి పంపండి అని అడుగుతూ రాసే కార్డులవి. నేను అప్పటికి వాళ్ళింట్లో కూడా పని చేసేదాన్ని. కార్డుల మీది తపాలా బిళ్ళలను తడిపి ఊడదీసి డాక్టరు భార్య ఒక పుస్తకంలో అంటించేది. డాక్టరుకు ఇంకో పుస్తకం ఉండేది. ఇంకెవరైనా తమ రాతలో ఈయన రాసినదాన్ని ఆధారంగా పేరుపెట్టి ఎత్తి చూపితే, ఆ పత్రిక పేరు, రాసినవాడి పేరు అందులో ఎక్కించుకునేవాడు. ఎక్కించిన రోజు ఒక ముద్ద ఎక్కువ తినేవాడు.

"అట్ల చూపిస్తే ఏమొస్తాది సార్?" అని ఒకసారి అడిగాను.

"నా మాట వాళ్ళు నమ్మినట్టు."

"వాళ్ళు మన ఊళ్ళకొచ్చి చూసినారా?"

"ఎందుకు చూడ్డం? నేను చూశాను కదా."

నువ్వు యాడ చూసినావప్పా, చూసింది నేను, అని నోటిదాకా వచ్చింది. గౌరవం కొద్దీ మింగాను.

ఆ వ్యాసంలో ఏముందో నాకు అప్పుడు తెలియదు. డాక్టరు భార్య నాకు అక్షరాలు నేర్పడం ఆ రోజుల్లోనే. మధ్యాహ్నం గిన్నెలు తోమాక వసారాలో కూర్చోబెట్టేది. నేల నాపరాయి. తడిగుడ్డతో తుడిచి సుద్దముక్కతో దాని మీదే రాయించేది. నా వేళ్ళు జొన్నల పడి పట్టుకున్న వేళ్ళు, సుద్దముక్క విరిగిపోయేది. "ఎద్దును పట్టుకున్నట్టు పట్టుకోకే," అని నవ్వేది. ఏడాదిన్నరకు కూడబలుక్కుని చదవడం వచ్చింది.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఎండాకాలం మా చెల్లెలు కూతురిని చంకనేసుకుని ఆసుపత్రికి వచ్చింది. పిల్లకు ఐదేళ్ళు. మోకాలి దగ్గర పురుగు లేచి, లోపలే తెగి, చీము పట్టి, కాలు ముడుచుకుపోయింది. చీము తీశారు గానీ కాలు చాపడం రాలేదు.

"మా బాయి మెట్లు మూసి చేదబాయి చేస్తామని బ్లాకు ఆఫీసోళ్ళు కొలతలు గూడా తీసుకున్న్యారక్కా. మళ్ళ రాలే. వడగట్టుకొనే గుడ్డలన్నా ఇస్తారంటే, మీ ఊరు లిస్టులో లేదు పొమ్మన్న్యారు. నువ్వొచ్చి గింజలేస్కోని పోతివి గదా. మాకేమొచ్చె?"

"అడుగుతాలే," అన్నాను. ఈసారి వానలకు ముందే బావి మెట్లు మూయకపోతే వచ్చే ఎండాకాలానికి ఇంకో పిల్లకు ఇదే గతి. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆ వారంలోనే డాక్టరు ఇంటికి ఒక కట్ట వచ్చింది. గ్రామసేవకుల కోసం ఆయన తన వ్యాసాన్నే తెలుగులో చిన్న పుస్తకంగా రాస్తే బ్లాకువాళ్ళు అచ్చు వేయించారు. డాక్టరు భార్య ఒకటి నా చేతిలో పెట్టి, "చదువు, చూద్దాం," అంది. వసారాలో కూర్చుని వేలు పెట్టుకుని చదివాను. 'ఒకే బావి నీరు త్రాగు ఇండ్లలో సగమునకు పైగా ఇండ్లలో ఈ వ్యాధి లేనే లేదు. కావున దోషము బావిది కాదు, ఇంటి కుండది.' ఆ ముక్క రెండుసార్లు చదివాను. సగం ఇండ్లలో లేకపోవడమేమిటి? నేను తొక్కని గడప లేదు, పురుగు లేని గడపలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

వెనక పుటలో ఊళ్ళ పట్టిక ఉంది. వ్యాధి ఉన్న ఊళ్ళు ఒకవైపు, లేని ఊళ్ళు ఒకవైపు. లేని ఊళ్ళలో మొదటి పేరు మా చెల్లెలి పల్లె.

ముందు నాకు చదవడం రాలేదేమో అనుకున్నాను. అక్షరం అక్షరం విడదీసి నాపరాయి మీద రాసి, డాక్టరు భార్యను పిలిచి చూపించాను. "సరిగ్గానే చదివావే," అని మెచ్చుకుంది. ఆ మెప్పు ఇప్పటికీ చెవుల్లో ఉంది.  వాకిట్లోకి విసిరిన గింజలన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. ఆయన వాటిని కలుపుకోలేదు. ఆయనకు తెలియదు. కింది జిల్లాల మనిషి, పొలం ఎరగని మనిషి, ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

డాక్టరు లోపల బల్ల దగ్గర ఉన్నాడు. కొత్త వైద్య కళాశాలలో పెద్ద ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. పది రోజుల్లో ఇంటర్వ్యూ. ఆయన రాసిన పదకొండు వ్యాసాల జాబితా టైపు చేయించి పెట్టుకున్నాడు. అన్నిటికంటే పైన నారికురుపు వ్యాసం, దాని కింద దాన్ని ఎత్తి చూపినవాళ్ళ పేర్లు.

"సార్, మీ లెక్క తప్పు," అన్నాను.

తల ఎత్తకుండానే, "ఏ లెక్క?" అన్నాడు.

"పురుగుల లెక్క. తప్పు నాదే. అయితే మీరు గూడా అడగలే."

వంటింట్లోంచి చింతగింజలు తెచ్చి నేల మీద పోశాను. ఒక ఇంట్లో ముగ్గురికి ఉంది అనుకోండి అన్నాను. మొదటిది భుజం మీదుగా వెనక్కి విసిరి, రెండు గుడ్డలో వేశాను. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేశాను.

"ఒక్కరికే ఉంటే?"

ఒక గింజ తీసి విసిరి, వట్టి గుడ్డకు ముడి వేసి ఆయన ముందు పెట్టాను. ఆయన ఆ ముడి విప్పి లోపలికి చూశాడు. ఏమీ లేదని తెలిసీ చూశాడు. నేల మీద కూలబడ్డాడు. 

"అన్ని ఊళ్ళలోనూ ఇలాగేనా?"

"అన్ని ఊళ్ళల్లోను సార్. నేను ఊరికొక మాదిరి కొలిచే మనిషిని కాను."

డాక్టరు భార్య గుమ్మంలో నిలబడి అంతా వింది. "ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగండి. పది రోజులే కదా. ఇన్నేళ్ళు ఆగిన పురుగు పది రోజులు ఆగదా?" అంది. నాకు అక్షరాలు నేర్పిన మనిషి. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆయన ఏమంటాడో అని చూశాను.  మరునాడు పొద్దున్నే ఆయన జీపు తెప్పించి, నన్ను ఎక్కమన్నాడు.

గనుల దగ్గర జీపు దిగి, రాతిపొడిలో నడిచాము. మొదటిసారి ఆయన ఆ పల్లెలోకి అడుగుపెట్టాడు. ఇల్లిల్లూ తిరిగాడు. గింజలు లేవు, సంచులు లేవు, ఆయనే కళ్ళతో చూసి పెన్సిలుతో గీతలు గీసుకున్నాడు. ఒక ముసలామె తన కాలు చూపుతూ, "ఇన్నాళ్ళకు మా ఊరు కనపడెనా సామీ?" అనింది. ఆయన ఆ కాలికీ ఒక గీత గీసుకున్నాడు. చివరకు మా చెల్లెలి ఇంటికి వచ్చాము. పిల్ల గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ వచ్చింది. ఆయన వంగి ఆ మోకాలిని పట్టుకున్నాడు. వంచలేదు, లాగలేదు, ఊరికే పట్టుకున్నాడు. పిల్ల, "నొప్పి పోయింది, కాలే రాదు," అని ఆయనకే సర్దిచెప్పింది.

అక్కడినుంచి నేరుగా బ్లాకు ఆఫీసుకు పోయాము. ఆఫీసరు మర్యాదగా కుర్చీ వేశాడు. డాక్టరు జరిగింది జరిగినట్టు చెప్పాడు. బావుల మెట్లు మూయాలి, నా వ్యాసం తప్పు అన్నాడు. ఆఫీసరు నవ్వాడు.

"మీరే తప్పంటే ఎట్ల సార్? మీ మాటను దొరలు గూడా ఎత్తి చూపిస్తాండారు. మీరే రాసి ఇచ్చినారు గదా, ఆ పేర్లన్నీ మా ఫైల్లో ఉండాయి." ఫైలు తీసి చూపించాడు. డాక్టరు తన పుస్తకంలో ముద్దుగా ఎక్కించుకున్న పేర్లే. "బాయిది తప్పు కాదని ఇంతమంది ఒప్పుకున్న్యాక, ఈయమ్మ గింజలు పారేసిందని బాయి మెట్లు మూయమంటే, పైవాళ్ళకు నేనేం రాయాల?"

"నేను చెబుతున్నాను కదా, రాసినవాణ్ణి."

"మీ సవరణ గూడా అదే పత్రికలో పడనీండి సార్. అప్పుడు చూస్తాము."

బయటికి వచ్చాక డాక్టరు జీపు ఎక్కకుండా నిలబడ్డాడు. అంత చదువుకున్న మనిషి ముఖంలో అట్లాంటి చూపు నేను అంతకుముందు చూడలేదు. తన మాట తనకే అడ్డం వచ్చి నిలబడితే ఎట్లుంటుందో ఆ చూపు. "ఆరు నెలలు పడుతుంది అచ్చుకు. వానలు వచ్చేస్తాయి," అన్నాడు.

అప్పుడు నేను మళ్ళీ పల్లెకు పోదామన్నాను. మా చెల్లెలి మగడు గనిలో రాయి చీల్చే పనివాడు. అతనికీ ఇంకో నలుగురికీ డాక్టరు నేల మీద బొమ్మ గీసి చూపించాడు. మెట్లకు అడ్డంగా బండలు పరిచి, దిగే దారి పూడ్చి, అంచున నిలబడి చేదుకునేట్టు దిమ్మె కట్టాలి. ఎవరూ నీళ్ళలో కాలు పెట్టకూడదు.

మా చెల్లెలి మగడు బొమ్మను చూసి, "దీనికి బ్లాకు ఎందుకప్పా? మా ఊళ్ళో లేనిది నీళ్ళే గానీ రాయి కాదు గదా. ఈ మాట ముందే చెప్పింటే ఎప్పుడో మూసింటిమి," అన్నాడు.

ముందే చెప్పి ఉంటే. ఆ మాటకు నేనూ డాక్టరూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

గనుల్లో విరిగి పనికిరాక పారేసిన నాపరాళ్ళు గుట్టలుగా ఉన్నాయి. నాలుగు రోజుల్లో మెట్లు మూసేశారు. డాక్టరు కూడా రాయి అందించాడు, వేలు నలగ్గొట్టుకున్నాడు. ఆ కట్టుతోనే ఇంటికి పోయి ఇంగ్లండు పత్రికకు ఉత్తరం రాశాడు. ఇండ్ల లెక్క తప్పు, అందుచేత దోషము బావిది కాదన్న మాట తప్పు అని. ఎందుకు తప్పిందో కూడా రాశాడట. లెక్కపెట్టిన మనిషిది కాదు, ఆ మనిషి ఎట్లా లెక్కపెడుతుందో అడగని తనది తప్పు అని. డాక్టరు భార్య నాకు చదివి తెలుగులో చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

ఇంటర్వ్యూకు ఆయన ఆ ఉత్తరం నకలు కూడా పట్టుకుపోయాడు. ఉద్యోగం రాదని ఇంట్లో అందరమూ ఖాయం చేసుకున్నాము. డాక్టరు భార్య పుట్టింటికి పోయి కొన్నాళ్ళు ఉందామని పెట్టె కూడా సర్దింది. ఆయన తిరిగి వచ్చి చెప్పులు విడవకుండా వసారాలో కూర్చున్నాడు.

"ఇచ్చారు," అన్నాడు.

"ఏమన్నారు?" అంది ఆమె.

"చదవలేదు. జాబితా లెక్కపెట్టుకున్నారు. ఈ ఉత్తరం చూపిస్తే, ఇదీ ఆ పత్రికలోనే పడుతుందా అని అడిగారు. పడుతుందన్నాను. అయితే పన్నెండు అన్నారు."

తప్పు చేశానని ఒప్పుకున్న కాగితాన్ని కూడా ఘనకార్యాల్లో ఒకటిగా వేశారు.  నేను లేచి కాఫీ పెట్టాను.

సవరణ అచ్చయ్యాక బ్లాకువాళ్ళు కదిలారు, మిగతా ఊళ్ళ బావుల మెట్లు ఒక్కొక్కటే మూశారు. రెండేళ్ళ తరువాత ఎండాకాలంలో నేను ఒక్కదాన్నే మా చెల్లెలి పల్లెకు పోయి ఇల్లిల్లూ చూశాను. లెక్కపెట్టడానికి పురుగు ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అలవాటు కొద్దీ కొంగులో గింజలు కట్టుకుపోయాను, కట్టినవి కట్టినట్టే తిరిగి తెచ్చాను. మా చెల్లెలి కూతురికి మాత్రం కాలు చాపడం రాలేదు. ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తుంది. దానికి మా చెల్లెలు నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

కార్డులు రావడం ఆగలేదు. పాత వ్యాసం పంపండి అనే అడిగేవాళ్ళు. డాక్టరు కళాశాలకు పోతూ ఆ పని నాకు అప్పగించాడు. ఒక్కో కవరులో పాత వ్యాసమూ, దాని మీద సవరణ కాగితమూ గుండుసూదితో గుచ్చి పెట్టేదాన్ని. విలాసం ఇంగ్లీషులో అక్షరాల బొమ్మలు చూసి దించేదాన్ని. గుండుసూది బాగా దిగిందా అని రెండుసార్లు లాగి చూసేదాన్ని.

ఒకరోజు నేను అట్లా పంపిన ఒక ఊరినుంచే కొత్త పత్రిక వచ్చింది. డాక్టరు పుటలు తిప్పి, ఒకచోట ఆగి, పత్రికను బల్ల మీద బోర్లించాడు.

"ఎత్తి చూపినాడా సార్?"

"చూపాడు."

"యాదాన్ని?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. పాతదాన్నే. నా చేత్తో గుచ్చిన సూది తీసి, పైకాగితం పక్కన పెట్టి, కింది కాగితం చదివాడన్నమాట, ఆ పెద్దమనిషి.